బస్సులు ఆగితే ఏది నమ్ముకోవాలి? నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రయాణికులకు ఒక పోలిక

2019 నవంబర్‌లో, ఆర్టీసీ సమ్మె నడుస్తుండగా, ఒక సాయంత్రం నల్గొండ జిల్లా గుర్రంపోడు మండలంలో ఒక స్టేజీ దగ్గర గంటన్నర నిలబడ్డాను. పొద్దున రావడానికి ఏ ఇబ్బందీ కాలేదు. మా బడిలో పనిచేసే సార్ కారులో నలుగురం కలిసి ముచ్చట్లు చెప్పుకుంటూ వచ్చాం. మధ్యాహ్నం ఆయన బిడ్డకు జ్వరమని ఫోన్ వస్తే వెళ్లిపోయారు. వెళ్లొద్దని ఎట్లా అంటాం? సాయంత్రం మిగతా ఇద్దరు సార్లు పాల వ్యాన్ ఆపి డ్రైవర్ పక్కన ఇరుక్కుని పోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. వచ్చిన ప్రతి టాటా మ్యాజిక్‌కూ వెనక మనుషులు వేలాడుతున్నారు. చీకటి పడ్డాక మా మరిది నల్గొండ నుంచి బైక్ మీద ముప్పై పైచిలుకు కిలోమీటర్లు వచ్చి తీసుకెళ్లాడు.

అప్పటిదాకా నేనూ అందరిలాగే "రేపు ఎట్లా పోవాలి" అనే ఆలోచించేదాన్ని. పొద్దున ఎట్లాగో పోతాం. అందరూ ఒకే వేళకు ఒకే దిక్కుకు బయల్దేరుతారు, ఆటోవాళ్లు కూడా ఆ వేళకే తిరుగుతారు. సాయంత్రం అట్లా కాదు. బడి నాలుగున్నరకు, బ్యాంకు ఆరుకు, కంపెనీ షిఫ్టు ఎనిమిదికి. జనం చెదిరిపోతారు, బండ్లు తగ్గిపోతాయి. అందుకే కింద చెప్పే ప్రతి దారినీ నేను రెండు సంగతులతోనే తూకం వేశాను. సాయంత్రం అదే దారిలో ఇంటికి చేరగలమా? నెల రోజులు ఆ ఖర్చు మోయగలమా? పొద్దున ఎంత సుఖంగా పోతామన్నది నేను పెద్దగా పట్టించుకోను.

ఆగింది సమ్మెకా, బంద్‌కా?

"బస్సులు బంద్" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు రకాలున్నాయి. అది తెలుసుకోకుండా ఏర్పాటు చేసుకుంటే సరిగ్గా అవసరమైన రోజే అది అక్కరకు రాదు.

ఒకటి, ఆర్టీసీ కార్మికుల సమ్మె. 2019లో అక్టోబర్ 5న మొదలైంది. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది అసలు డిమాండ్. దాదాపు 48 వేల మంది డ్యూటీకి దూరమయ్యారు. 52 రోజుల తర్వాత సమ్మె విరమించారు, నవంబర్ 29న మళ్లీ డ్యూటీలో చేరారు. దసరా అయ్యేసరికి తేలిపోతుందని మేమంతా అనుకున్నాం. బడులకు దసరా సెలవులు అక్టోబర్ 19 దాకా పొడిగించడంతో మా టీచర్లకు మొదటి రెండు వారాలు ఆ వేడి తగలనే లేదు. బడి తెరిచాక తెలిసింది. ఇట్లాంటి సమ్మెలో రోడ్డు మామూలుగానే ఉంటుంది. ఆటోలు, జీపులు, రైళ్లు అన్నీ నడుస్తాయి, ఆగేది బస్సు ఒక్కటే. చిక్కల్లా అది ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేకపోవడం.

రెండోది బంద్. 2025 అక్టోబర్ 18న బీసీ రిజర్వేషన్ల కోసం జరిగిన రాష్ట్ర బంద్ గుర్తుందా? దీపావళికి ఊళ్లకు పోయే శనివారం అది. డిపోల ముందు బైఠాయించడంతో బస్సులు గేటు దాటలేదు. డ్రైవర్‌కు నడపాలనే ఉంటుంది, పోనివ్వరు. అట్లాంటి రోజు ఆటోలను కూడా చౌరస్తాలో ఆపుతారు, కాబట్టి బంద్‌కు ఆటోను నమ్ముకుని లాభం లేదు. మేలైన సంగతేంటంటే బంద్ ఒక్కరోజే ఉంటుంది, అదీ పొద్దుగూకేసరికి సడలుతుంది. బంద్ ఉన్న రోజు పొద్దున ప్రయాణం పెట్టుకోవద్దు. తప్పకపోతే ముందురోజు రాత్రే చేరుకోండి. ఉద్యోగులైతే ఒక సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టేయడమే అన్నిటికన్నా చవక. 2019 సమ్మె నడుమ కూడా అక్టోబర్ 19న రాష్ట్ర బంద్ వచ్చింది. అంటే సమ్మె కోసం ఎంత పక్కాగా ఏర్పాటు చేసుకున్నా మధ్యలో ఒకటి రెండు రోజులు అదీ పనిచేయదు.

మూడోది పెద్ద ఉద్యమం. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు ప్రత్యేక తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగడమే కాదు, రైల్ రోకోలూ జరిగాయి. బస్సు లేకుంటే రైలు ఉందిలే అనే ధీమా అప్పుడు చెల్లలేదు. అట్లాంటి కాలానికి ప్రయాణ సలహా ఇవ్వడం దండగ. ఎక్కడివాళ్లు అక్కడ ఉండాల్సిందే.

ఇక మిగతా మాటలన్నీ మొదటి రకం గురించే.

షేర్ ఆటో, మ్యాజిక్, తూఫాన్ జీపు

అందరికీ మొదట తట్టేది ఇదే. నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, జడ్చర్ల చౌరస్తాలోనైనా, దేవరకొండలోనైనా బస్సులు ఆగాయన్న కబురు వచ్చిన గంటలో అడ్డాలు నిండిపోతాయి. పది, పదిహేను కిలోమీటర్ల లోపు ప్రయాణానికి, మెయిన్ రోడ్డు మీదున్న ఊళ్లకు దీన్ని మించింది లేదు. నార్కట్‌పల్లి నుంచి నల్గొండకు, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు ఎప్పుడు నిలబడ్డా ఏదో ఒకటి దొరుకుతుంది. చీకటి పడ్డాక కూడా.

మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోయారా, కథ మారుతుంది. లోపలి ఊరికి ఆటోవాడు పొద్దున ఒక ట్రిప్పు వేస్తాడు. సాయంత్రం బండి నిండేదాకా కదలడు, నిండకపోతే అసలు రాడు. కిరాయి కూడా మన చేతిలో ఉండదు. మామూలు రోజు 50 తీసుకునే దూరానికి 100 అడిగితే ఇవ్వడం తప్ప చేసేదేమీ ఉండదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. కాబట్టి ఇప్పుడు సమ్మె వస్తే 2019 కన్నా మాకే దెబ్బ ఎక్కువ. సున్నా నుంచి రోజుకు రానూపోనూ 200, నెలలో 25 రోజులకు 5,000. రోజుకూలీకి పోయే అక్కకు, తొమ్మిది వేల జీతానికి బట్టల షాపులో నిలబడే పిల్లకు ఆ లెక్క ఎట్లా కుదురుతుంది? వాళ్లకు షేర్ ఆటో ఉందని చెప్పడం సలహా అనిపించుకోదు.

ఇంకో మాట. మామూలు ఆటోకు పర్మిట్ ముగ్గురు ప్రయాణికులకే. పది మందిని ఎక్కించుకున్న బండి బోల్తా పడితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. డీసీఎం (సరుకుల వ్యాన్) వెనక, ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కడం మాత్రం ఎంత అర్జెంటైనా వద్దు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. మా వైపు ఆ మాట ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

నెలకు మాట్లాడుకున్న బండి

లోపలి ఊళ్లలో పనిచేసే టీచర్లు, ఏఎన్ఎంలు, పంచాయతీ కార్యదర్శులు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు నా ఓటు దీనికే. అదే ఆటో, అదే మ్యాజిక్, కాకపోతే రోజుకు ఇంత, నెలకు ఇంత అని ముందే మాట్లాడుకున్నది. ఐదారుగురు ఒకే దారిలో పోయేవాళ్లుంటే చాలు. ఒకే ఊరికే కానక్కర్లేదు. ఒకే రోడ్డు మీద వరసగా నాలుగు బడులుంటే ఒక్కొక్కరినీ దింపుకుంటూ పోతాడు, సాయంత్రం చివరి బడి నుంచి మొదలుపెట్టి ఏరుకుంటూ వస్తాడు. ఆ వచ్చే ట్రిప్పు కోసమే మనం డబ్బు ఇస్తున్నాం. బేరం ఆడేటప్పుడు ఆ మాట స్పష్టంగా అనండి: "పొద్దున ఒక్కరోజు రాకపోయినా ఓర్చుకుంటాం అన్నా, సాయంత్రం మాత్రం తప్పొద్దు."

2019లో ఆ స్టేజీ అనుభవం తర్వాత మేం చేసింది ఇదే. దాంతో కొన్ని సంగతులు తెలిశాయి. అక్టోబర్, నవంబర్ అంటే మా జిల్లాలో పత్తి ఏరే కాలం. తెల్లవారుజామున ఆటోలు, ట్రాలీలు కూలీలను చేలకు చేర్చే పనిలో ఉంటాయి. మీ బండివాడికి ఆ కిరాయి కూడా ఉందేమో కనుక్కోండి. ఉంటే మీ బడి బెల్లు మోగాక వస్తాడు. తర్వాత లగ్గాలు. మంచి ముహూర్తం ఉన్న రోజు తూఫాన్, మ్యాజిక్ మన మాట వినవు. పెళ్లివాళ్లు ఒక్కరోజులో ఇచ్చేది మనం వారంలో ఇవ్వం. అట్లాగే జాతరలు. కార్తీకంలో కురుమూర్తి జాతరకు పాలమూరు బండ్లన్నీ అటే పోతాయి. మాఘంలో చెర్వుగట్టు జాతరకు నల్గొండవి అటు. కాబట్టి "ఆ రోజుల్లో నువ్వు రాకపోతే ఎవరిని పంపుతావు" అని మొదటి రోజే అడిగి ఆ రెండో డ్రైవర్ నంబరు కూడా రాసుకోవాలి. మేం అడగలేదు. ఒక గురువారం ముహూర్తానికి మా ఆటో అన్న పొద్దున మమ్మల్ని దింపి అటునుంచి అటే పెళ్లివారితో కోదాడ పోయాడు.

డబ్బు సంగతి: అడ్వాన్సు పూర్తిగా ఇవ్వొద్దు, వారానికోసారి లెక్క చూసుకోండి. సమ్మె నాలుగో రోజే విరమిస్తే నెల కిరాయి ఇచ్చినవాళ్లు ఆ డబ్బు తిరిగి రాబట్టుకోలేరు.

బైక్, స్కూటీ

తిరిగి రావడానికి ఎవరి మీదా ఆధారపడని దారి ఇది ఒక్కటే. అందుకే మగవాళ్లలో చాలామంది దీన్ని దాటి ఆలోచించరు. లెక్క చూడండి. మా ఇంటి నుంచి బడికి 35 కిలోమీటర్లు అనుకుంటే రోజుకు 70. లీటరుకు 45 ఇచ్చే బండి, పెట్రోల్ లీటరు 110 అనుకుంటే రోజుకు 170 రూపాయల చిల్లర. వెనక ఇంకొకరు కూర్చుని సగం ఇస్తే చెరి 85. మంచి లెక్కే.

కాకపోతే 35 కిలోమీటర్లు ఒక రోజు పోవడం వేరు, నెల పోవడం వేరు. మూడో వారానికి నడుము మాట్లాడటం మొదలుపెడుతుంది. డిసెంబర్‌లో సాగర్ రోడ్డు మీద తెల్లవారుజామున మంచు, ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఎండ. నా అంచనా చెబుతున్నాను: ఒక వైపు 25 కిలోమీటర్ల లోపు, అదీ వెలుతురు ఉండగానే తిరిగొచ్చే పనైతే బైక్ మొదటి ఎంపిక. 40 దాటితే రెండు మూడు రోజుల అవసరానికి తప్ప వద్దు. 65వ నంబరు జాతీయ రహదారి మీదో, 44వ నంబరు మీదో హైదరాబాద్ దాకా రోజూ బైక్ మీద పోయిరావడాన్ని నేను సలహా లెక్కలోకే తీసుకోను. తప్పదంటే చౌటుప్పల్, షాద్‌నగర్ నుంచి పోయేవాళ్లు ఆలోచించుకోవచ్చు. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలి. ఇన్సూరెన్స్ తేదీ ఒకసారి చూసుకోండి. ఏడాదిలో పది రోజులు తీసే బండికే అది అయిపోయి ఉంటుంది.

కారు పంచుకోవడం

నలుగురు తోటి ఉద్యోగులు, ఒక కారు. మా 70 కిలోమీటర్లకు లీటరుకు 15 చొప్పున లెక్కేస్తే రోజుకు 510 పైన, తలా 130. సుఖంగా ఉంటుంది, వానకు తడవం, ముచ్చట్లూ సాగుతాయి. నాకు ఎదురైన చిక్కు మాత్రం మీకు చెప్పేశాను: కారు ఒకరిది, వాళ్ల అవసరమే ముందు. అందులో తప్పేం లేదు. దానికి ఒకటే మందు, గుంపులో కార్లున్నవాళ్లు ఇద్దరు ఉండాలి. వారం ఒకరిది, వారం ఒకరిది. ఒకరు మధ్యలో వెళ్లిపోతే రెండో ఆయన కారు ఇంట్లోనైనా ఉంటుంది, ఎవరినైనా పంపమని అడగొచ్చు.

నల్గొండ నుంచి ఎల్‌బీ నగర్ పోయేవాళ్లకు రానూపోనూ 190 కిలోమీటర్ల దాకా అవుతుంది. పెట్రోల్ 1,400, దాని మీద పంతంగి టోల్. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లకు కొర్లపహాడ్ కూడా తగులుతుంది. పాలమూరు వైపు అయితే షాద్‌నగర్ దగ్గర రాయికల్. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది, అప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. రోజూ ఒకే టోల్ గేటు దాటి తిరిగొస్తే రోజుకు రెండు చొప్పున వంద రోజులకు సరిపోతుంది. ఆ పాస్ బండి నంబరుకే చెల్లుతుంది కాబట్టి వారానికో కారు తీసే గుంపైతే ఎవరి కారుకు తీసుకోవాలన్న తగువు రాకుండా ముందే తేల్చుకోండి.

ఖర్చు పంచుకోవడం వేరు, తెల్ల నంబరు ప్లేటు కారుతో కిరాయి కొట్టడం వేరు. సమ్మె రోజుల్లో చౌరస్తాలో "హైదరాబాద్, హైదరాబాద్" అని పిలిచే సొంత కార్లు కనిపిస్తాయి. తలా 300, 400 అంటారు. ప్రమాదం జరిగితే కిరాయికి నడిపారని ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరగొచ్చు. పసుపు ప్లేటు ఉన్న ట్యాక్సీ నలుగురు కలిసి మాట్లాడుకోవడమే నయం.

రైలు

దక్షిణ తెలంగాణలో రైలు కొందరికి వరం, చాలామందికి మాటవరసే. దేవరకొండ, సూర్యాపేట, కోదాడ, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్ పట్టణాల్లో రైల్వే స్టేషనే లేదు. వనపర్తి రోడ్ అనే స్టేషన్ ఉంది గానీ అది మదనాపురంలో ఉంది, వనపర్తి నుంచి అక్కడికి మళ్లీ ఆటో. వీళ్లు ఈ భాగం వదిలేయొచ్చు.

మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ వాళ్లు మాత్రం ముందు దీన్నే చూడాలి. సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మధ్య డబ్లింగ్, కరెంటు లైను పూర్తయి 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైంది. అదివరకు సింగిల్ లైను మీద ఎదురుబండి కోసం ఆగి ఆగి పోయేవి. దేవరకద్ర నుంచి మక్తల్ మీదుగా కృష్ణ స్టేషన్‌కు పోయే కొత్త లైను చివరి భాగం 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది, కాచిగూడ నుంచి రాయచూరుకు బండి పడింది. మక్తల్ వాళ్లకు ఇది కొత్త వెసులుబాటు. మా తమ్ముడు పాలమూరులో ఉండి షాద్‌నగర్ వైపు కంపెనీకి పోతాడు. సమ్మె ఉన్నా లేకున్నా వాడికి రైలే. ఈ లైను మీద సాయంత్రం తిరుగుబండ్లు ఒకటికి రెండు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి దొరుకుతుంది. అన్ని దారుల్లోకీ తిరిగిరావడానికి ధీమా ఉన్నది ఇదే అని నా అభిప్రాయం.

నల్గొండ, మిర్యాలగూడ, చిట్యాల, రామన్నపేట వాళ్ల సంగతి కొంచెం తక్కువ. బీబీనగర్, గుంటూరు లైను చాలా మటుకు సింగిలే. వచ్చే బండ్లలో ఎక్కువ దూరప్రయాణపువి. అవి ఎక్కడో ఆలస్యమైతే మన ఆఫీసు టైమ్ పోతుంది. జనరల్ బోగీలో అప్పటికే కాలు పెట్టే సందుండదు. పొద్దున పోవడానికి రైలు, రావడానికి కారు లేదా రెండూ తారుమారు, ఇట్లా కలిపి వాడుకున్నవాళ్లే నల్గొండలో సుఖపడ్డారు.

నెల పాస్ 150 కిలోమీటర్ల లోపు దూరానికి ఇస్తారు, అంటే మనందరికీ వర్తిస్తుంది. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దానికి అదనపు చార్జీ కట్టాలి. రిజర్వేషన్ బోగీల్లో ఆ పాస్ చెల్లదు. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఆగే వందేభారత్‌లలో అసలే చెల్లదు. "సమ్మె కదా, టీసీ చూసీచూడనట్లు పోతాడులే" అనుకోవద్దు. టికెట్ లేకుంటే చార్జీ మీద కనీసం 250 జరిమానా. సమ్మె మొదలైన రోజు కౌంటర్ దగ్గర క్యూ రోడ్డు మీదికి వస్తుంది కాబట్టి ఫోన్లో టికెట్, పాస్ తీసుకోవడం ముందే నేర్చుకుని పెట్టుకోండి.

నగరంలో దిగాక ఇంకో చిక్కు. ఆర్టీసీ సమ్మె అంటే సిటీ బస్సులూ ఆగినట్లే. సికింద్రాబాద్‌లో దిగితే పక్కనే మెట్రో. కాచిగూడలో దిగితే ఎంఎంటీఎస్ లోకల్ రైలు. కానీ ఇప్పుడు కొన్ని బండ్లు 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ దగ్గరే ఆగిపోతున్నాయి. మెట్రో అక్కడిదాకా లేదు. బండి ఎక్కే ముందే అది ఎక్కడిదాకా పోతుందో చూసుకోకపోతే రైలు చార్జీ కన్నా అక్కడి ఆటో చార్జీ ఎక్కువవుతుంది. రోడ్డు మీద వచ్చే నల్గొండ వాళ్లకు ఆ తిప్పలు లేవు, ఎల్‌బీ నగర్‌లో దిగగానే మెట్రో ఎక్కొచ్చు.

డిపో నుంచి వచ్చే అరకొర బస్సులు

సమ్మెలో కూడా అద్దె బస్సులు, తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని నడుపుతారు. 2019లోనూ నడిపారు. దొరికితే ఎక్కండి, దొరుకుతుందని మాత్రం బయల్దేరొద్దు. అవి పెద్ద ఊళ్ల మధ్యే తిరుగుతాయి. మా రూట్లో పొద్దున తొమ్మిది తర్వాత ఒకటి కనిపించేది, చీకటి పడకముందే డిపోకు చేరిపోయేది. పొద్దున దాంట్లో పోయి సాయంత్రం రోడ్డు మీద నిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను.

అక్కడే ఉండిపోవడం

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పరీక్ష, ఇంటర్వ్యూ, ఆస్పత్రి పని అయితే ముందురోజు చేరుకుని చుట్టాలింట్లో పడుకోవడం కన్నా భద్రమైన దారి లేదు. డయాలసిస్ లాంటి వాయిదా తప్పని చికిత్స ఉన్నవాళ్లు సమ్మె మాట వినగానే ఆస్పత్రి దగ్గర రెండు రాత్రుల బస, వెనక్కి రావడానికి ఒక బండి, రెండూ కుదుర్చుకోవాలి. అత్యవసరానికి 108, గర్భిణులకు 102 ఎట్లాగూ ఉన్నాయి, కానీ మామూలు చెకప్‌కు వాటిని పిలవకూడదు.

ఉద్యోగులకు కూడా ఇది అప్పుడప్పుడు కలిసొస్తుంది. మండల కేంద్రంలో ముగ్గురు కలిసి నెలకు ఒక గది తీసుకుంటే తలా ఖర్చు, పదిహేను రోజుల షేర్ ఆటో కిరాయి కన్నా తక్కువే పడొచ్చు. సోమవారం పోయి శనివారం రావడం. ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్లకు ఇది కుదరదు. ఎందుకు కుదరదో మగవాళ్లకు వివరించాల్సిన పని పడకపోతే బాగుండు.

ఎవరు ఏది పట్టుకోవాలి

పాలమూరు, జడ్చర్ల, షాద్‌నగర్, గద్వాల వాళ్లు: రైలు, దానికి తోడు స్టేషన్ నుంచి పనిచోటికి ఒక ఆటో నంబరు. నల్గొండ, మిర్యాలగూడ నుంచి నగరానికి పోయేవాళ్లు: నలుగురి కారు, పక్కన రైలు. దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ చుట్టూ లోపలి ఊళ్లలో పనిచేసేవాళ్లు: మాట్లాడుకున్న బండి, దానికి తోడు ఇంట్లో ఎవరిదైనా బైక్. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లోనో పనిచేసేవాళ్లు కంపెనీ బస్సు మీ ఊరి మీదుగా వస్తుందో లేదో సూపర్‌వైజర్‌ను అడగండి. సమ్మె రోజుల్లో రెండు కిలోమీటర్లు పక్కకు తిప్పమంటే ఒప్పుకుంటారు, వాళ్లకూ షిఫ్టు ఆగకూడదు.

కాలేజీ పిల్లలకు చెప్పేది వేరు. పది కిలోమీటర్ల లోపైతే సైకిల్, ఆపైన షేర్ ఆటో. ముగ్గురేసి బైక్ ఎక్కి పోవడం మాత్రం వద్దు. ఆడపిల్లలు సాయంత్రం ల్యాబు ఉన్న రోజు ఒంటరిగా చివరి ఆటో కోసం చూడకుండా లెక్చరర్‌తో మాట్లాడి ముందే బయల్దేరేట్లు చూసుకోవాలి. సమ్మె రోజుల్లో కాదనే సార్లు తక్కువ.

నోటీసు పడ్డాక

ఆర్టీసీలో సమ్మె చెప్పకుండా రాదు. చట్టం ప్రకారం నోటీసు ఇచ్చాక కనీసం 14 రోజులు ఆగాలి. పేపర్లో "సమ్మె నోటీసు" అని కనిపించిన రోజు నుంచి మీకు రెండు వారాలు ఉన్నట్లు. నోటీసు ఇచ్చినంత మాత్రాన సమ్మె జరుగుతుందనీ కాదు. 2025లో మే 7 నుంచి సమ్మె అన్నారు, మంత్రితో చర్చల తర్వాత ముందురోజు వాయిదా వేశారు. కాబట్టి ఆ రెండు వారాల్లో డబ్బు పెట్టే పనులు చేయకండి, మాట్లాడే పనులే చేయండి. ఎవరెవరు ఒకే దారిలో పోతారో ఒక వాట్సాప్ గ్రూపు, ఇద్దరు ఆటోవాళ్లతో కిరాయి మాట, ఇంట్లో ఉన్న పాత బైక్‌కు గాలి, బ్రేకు. నెలవారీ బస్ పాస్ ఆ వారమే అయిపోతుంటే రెండు రోజులు టికెట్ కొనుక్కుని చూసి రెన్యూవల్ చేసుకోండి.

నా ఫోన్లో ఇప్పుడు "సాయంత్రం 1", "సాయంత్రం 2", "సాయంత్రం 3" అని మూడు నంబర్లున్నాయి. మొదటిది ఆటో అన్నది, రెండోది ఆయన బామ్మర్దిది, మూడోది మా బడి ఊరిలోనే ఉండి బొలెరో నడిపే ఒక తల్లిదండ్రుల కమిటీ సభ్యుడిది. మరిది నంబరు తీసేయాల్సి వచ్చింది. ఆయన బైక్ అమ్మేసి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు.